నేల తాకాకే అసలు పరీక్ష

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల ట్రాక్టర్‌ను వెనక్కి పెట్టడం ఎప్పుడైనా నిలబడి చూడండి. ముందుకు పోయేటప్పుడు ట్రాలీ బుద్ధిగా వెంట వస్తుంది. వెనక్కి నెట్టేటప్పుడు మాత్రం జానెడు వంకర పోతే చాలు, ఆ వంకర దానంతటదే పెరుగుతుంది. చెయ్యి తిరిగిన డ్రైవరు మెడ వెనక్కి తిప్పి, స్టీరింగును కాస్త అటు, కాస్త ఇటు కదుపుతూనే ఉంటాడు. రెప్పపాటు ఏమరితే ట్రాలీ మడుచుకుపోతుంది.

చిన్న విమానం రన్‌వే మీద దిగాక ఉన్నట్టుండి గిర్రున తిరిగిపోవడం కూడా ఇలాంటిదే. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు.

పైపర్ కబ్ లాంటి పాత విమానాలకు పెద్ద చక్రాలు రెండూ ముందుంటాయి, తోక కింద ఒక బుల్లి చక్రం. గరిమనాభి, అంటే బరువంతా అక్కడే ఉందనుకోదగ్గ చోటు, ఆ పెద్ద చక్రాలకు వెనక పడుతుంది. పరుగులో ముక్కు కొంచెం ఎడమకు తిరిగిందనుకోండి. టైర్లు పక్కకు జారకుండా నేలను పట్టుకుంటాయి. వెనకున్న బరువు మాత్రం పాత దారినే పోతానంటుంది. దాంతో తోక కుడివైపు విసురుగా వస్తుంది, ముక్కు ఇంకా ఎడమకు తిరుగుతుంది. మలుపు బిగిసేకొద్దీ విమానం బయటివైపుకు ఒరిగి, రెక్క కొన నేలను గీరుతుంది. చక్రాల కాలు విరిగినా విరుగుతుంది.

1956లో వచ్చిన సెస్నా 172కు మూడో చక్రం ముక్కు కింద ఉంటుంది. గరిమనాభి పెద్ద చక్రాలకు ముందుంటుంది కాబట్టి, వంకర పోయినా ఆ బరువే దాన్ని సరిచేస్తుంది. అయినా భయం పూర్తిగా పోలేదు. వేగంగా దిగి ముక్కు చక్రం మీదే బరువు మోపితే, అదే ఇరుసులా మారి వెనక భాగం తిరిగిపోతుంది.

ఇక గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో ఆషాఢంలో అటు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. 20 నాట్ల (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం) గాలి రన్‌వేకు 30 డిగ్రీల వాలుగా వీస్తే, అందులో 10 నాట్లు నేరుగా పక్కనుంచి కొట్టినట్టే. ఆకాశంలో ఉన్నంతసేపూ విమానం గాలితోపాటే జరుగుతుంది. చక్రాలు నేలను పట్టుకున్నాక అది కుదరదు. నిలువుగా ఉన్న తోక తెరచాపలా గాలిని పడుతుంది, ముక్కు గాలి వచ్చే దిక్కుకు తిరుగుతుంది.

దాన్ని ఆపాల్సింది తోకకున్న చుక్కాని, అంటే పైలట్ కాలి పెడళ్లతో అటూ ఇటూ తిప్పే పలక. దాని బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 60 నాట్ల వేగం 30కి పడిపోతే పట్టు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. ఇంజన్ కూడా తగ్గించి ఉంటారు, కాబట్టి ప్రొపెల్లరు విసిరే గాలి సాయమూ అందదు. పక్కగాలి మాత్రం అంతే ఉంటుంది. లోపలున్నవాళ్లు ‘హమ్మయ్య, దిగేశాం’ అనుకునే ఆ కొద్ది సెకన్లే నాకు అన్నిటికన్నా టెన్షన్‌గా అనిపిస్తాయి.

ఓర్వకల్లులో మన కర్నూలు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. దాని రన్‌వే పొడవు 2 కిలోమీటర్లు, చిన్న విమానానికి ధారాళం. కానీ ఇలాంటప్పుడు పొడవు అక్కరకు రాదు. 30 నాట్లంటే సెకనుకు దాదాపు 15 మీటర్లు. దారి 20 డిగ్రీలు వంకర పోతే సెకనుకు 5 మీటర్ల చొప్పున అంచువైపు జరిగిపోతుంటుంది. అందుకే పైలట్ వంకర కంటికి తెలిసీ తెలియకముందే ఎదురు పెడల్‌ను కొంచెం తొక్కి వదులుతాడు, మళ్లీ తొక్కుతాడు. గాలి వచ్చే వైపు రెక్క లేవకుండా చేతిలోని కంట్రోల్‌ను అటే వంచి, వేగం తగ్గేకొద్దీ ఇంకా వంచుతాడు. విమానం పూర్తిగా నిలిచేదాకా కాళ్లు పెడళ్ల మీదే ఉంటాయి.