వాన రీలుది, రాత్రి కెమెరాది

విజయవాడ, గాంధీనగరం

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

‘గూఢచారి 116’ ఫోన్‌లో చూశామని మీరు రాసింది చదివాను. తెరంతా వాన పడుతోందన్నారు. పాట మధ్యలో మనిషి ఇక్కడ మాయమై అక్కడ తేలుతున్నాడన్నారు. తలలు తెగిపోయాయన్నారు. పైమూలన బూజు మచ్చ మెరిసి పోతోందన్నారు. కారు కదలకుండా ఉంది, వెనకాల రోడ్డే పరిగెడుతోంది అన్నారు. రాత్రి అని చెబుతూ నేల మీద నీడలు చూపిస్తున్నారని నవ్వుకున్నారు. చివరికి అన్నిటికీ కలిపి “పాత సినిమా కదా” అని తేల్చేశారు. నా పేచీ ఆ ఒక్క మాటతోనే. వీటిలో కొన్ని సినిమా తీసినవాళ్ళ గారడీలు, కొన్ని ఊళ్ళు తిరిగిన రీలుకి తగిలిన దెబ్బలు, కొన్ని మీ ఫోన్ నిర్వాకం. ఎవరి తప్పు వాళ్ళ ఖాతాలో వేద్దాం.

సినిమా సంగతి ముందు నాలుగు ముక్కల్లో. 1966లో వచ్చింది. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. సంగీతం టి. చలపతిరావు. తెనాలి పక్కన బుర్రిపాలెం నుంచి వెళ్ళిన కృష్ణ అంతకు ముందు సంవత్సరమే ‘తేనె మనసులు’తో హీరో అయ్యాడు. ఈ సినిమాతో ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అయిపోయాడు. పక్కన జయలలిత. ఇంగ్లీషు బాండ్ మొదటి సినిమా వచ్చింది 1962లో అని గుర్తుపెట్టుకుంటే, మనవాళ్ళు ఎంత తొందరగా అందుకున్నారో తెలుస్తుంది. మరుసటి ఏడు హిందీలో జితేంద్రతో ‘ఫర్జ్’ అయింది. ఆ హిందీ సినిమాకి దర్శకుడు రవికాంత్ నగాయిచ్. 1961లో ‘సీతారామ కల్యాణం’లో ట్రిక్ ఫొటోగ్రఫీ చేసినాయనే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

ఇక తప్పుల పంపకం. తలలు తెగడం మీ ఫోన్ పనో, కాపీ చేసినవాళ్ళ పనో, రీలుది మాత్రం కాదు. అప్పటి బొమ్మ దాదాపు చదరం: ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. మీ టీవీలో వెడల్పు 1.78. పక్కల నల్ల పట్టీలు కనిపిస్తే జనానికి నచ్చవని, ఎవరో బొమ్మను పెద్దది చేసి తెర నింపేస్తారు. అప్పుడు పైనా కిందా కలిపి ఎత్తులో దాదాపు పావు వంతు పోతుంది. కోయకుండా పక్కలకి సాగదీస్తే ముప్ఫై శాతం లావెక్కి, సన్నటి హీరో కూడా బొద్దుగా కనిపిస్తాడు. ఫోన్‌లో రెండు వేళ్ళతో బొమ్మను దగ్గరికి నొక్కండి, టీవీలో అయితే 4:3 పెట్టండి. అప్పటికీ తలలు రాలేదంటే కాపీ చేసినవాళ్ళే కోసేశారని అర్థం. ఇంకో కాపీ వెతుక్కోవడమే.

పాటలు కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తే అదీ రీలు తప్పు కాదు. సినిమా సెకనుకి 24 బొమ్మలు, మన దేశపు వీడియో 25. టేపులోకి ఎక్కించేటప్పుడు ఒక్క బొమ్మ తేడాని పట్టించుకోకుండా వేగంగా నడిపేసేవాళ్ళు. నాలుగు శాతం వేగం పెరిగితే హార్మోనియం మీద పక్క మెట్టుకి ముప్పాతిక దూరం జరిగినట్టే. ‘నువ్వు నా ముందుంటే’ పాటలో ఘంటసాల గొంతు మీకు పల్చగా అనిపించిందంటే అక్కడ చూడండి.

ఇప్పుడు వాన, అంటే తెర మీద పడే గీతలు. దీనికి మా ఊరే సాక్షి. ఆంధ్రా సినిమా పంపిణీకి విజయవాడ కేంద్రం, అందులోనూ గాంధీనగరం. ప్రింటు, అంటే హాల్లో ఆడించే సినిమా కాపీ, ఉన్న ఇనప పెట్టెని ఇక్కడ ‘బాక్సు’ అనేవాళ్ళు. కొత్త బాక్సు ముందు ఎ సెంటర్లలో, అంటే విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్ళలో ఆడేది. తర్వాత బి సెంటర్లకీ, అక్కణ్ణుంచి సి సెంటర్లకీ, ఆఖరికి డేరా వేసిన టూరింగ్ టాకీసులకీ వెళ్ళేది. ఫిల్ము ఒక్క నిమిషానికి తొంభై అడుగులు పరిగెడుతుంది. పధ్నాలుగు వేల అడుగుల సినిమా అయితే రెండు గంటల ముప్పావు దాకా పడుతుంది అనుకుంటారేమో, లెక్క వేయండి, 155 నిమిషాలే. అంత పొడవూ ప్రతి ఆటకీ ప్రొజెక్టర్‌లో దీపం ముందుండే ఇనప గేటు మధ్య నుంచి ఒరుసుకుంటూ పోవాలి. గేటులో ఇసక రేణువు ఒక్కటి ఇరుక్కుంటే చాలు, వందల అడుగుల పొడవునా గీత పడుతుంది. అంతకంటే పాడు అలవాటు ఇంకొకటుంది. ఆట అయ్యాక రీలు వెనక్కి చుట్టేటప్పుడు వదులుగా చుట్టేసి, ఆఖర్న కొస పట్టుకుని లాగి బిగించడం. లోపలి చుట్లు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, మధ్యలో ఉన్న దుమ్ము గరుకు కాగితంలా గీరేస్తుంది. తెర మీద పొట్టి పొట్టి గీతల జల్లు కనిపిస్తే అది చేత్తో బిగించిన పాపమే.

వానలో రెండు రకాలు ఉన్నాయి. నల్ల గీత అయితే దెబ్బ ఫిల్ము వీపు వైపు, ఉత్త ప్లాస్టిక్ మీద పడిందని లెక్క. ఆ గాడిలో వెలుగు చెదిరిపోయి తెరకి చేరదు, అందుకని నల్లగా కనిపిస్తుంది. తెల్ల గీత అయితే బొమ్మ ఉన్న వైపే గీసుకుపోయింది. అక్కడ వెండి పొరే లేదు, వెలుతురు ధారగా వచ్చేస్తుంది. నల్ల వానకి మందుంది: ప్లాస్టిక్‌లాగే వెలుగుని వంచే ద్రవంలో ఫిల్ముని తడుపుతూ కాపీ తీస్తే గాడి నిండిపోయి గీత కనపడదు. తెల్ల వానకి అలాంటి మందు లేదు. పక్క బొమ్మలు చూసి కంప్యూటర్‌లో పూడ్చుకోవాలి.

ఈ వాన సినిమా అంతా ఒకేలా కురవదు, గమనించారా? పది నిమిషాలకోసారి జోరందుకుంటుంది. రీలు వెయ్యి అడుగులకి మించదు, అంటే పదకొండు నిమిషాలు. చాలా రీళ్ళు ఎనిమిది, తొమ్మిది వందల అడుగులే ఉంటాయి. ప్రతిసారీ ఆపరేటర్ చేతులు పడేది, నేలకి తగిలేది రీలు మొదలూ చివరే. అందుకే రీలు మారే చోట కుంభవృష్టి.

అక్కడే కుడి పైమూలలో నల్లటి చుక్కో, గుండ్రటి మచ్చో మెరిసి పోతుంది. మీరు ‘బూజు’ అని రాసింది దాన్నే. బూజు కాదర్రా, అది ఆపరేటర్‌కి పంపిన రహస్య సంకేతం. గూఢచారి సినిమాలో అసలు రహస్య సంకేతం అదొక్కటే అంటాను నేను! ఆ రోజుల్లో ఆపరేటర్ గదిలో, అంటే క్యాబిన్‌లో, రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకటి ఆడుతుంటే రెండోదానిలో తర్వాతి రీలు ఎక్కించి ఉంచేవాళ్ళు. మొదటి చుక్క రాగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. ఇంచుమించు ఏడు సెకన్లకి రెండో చుక్క వస్తుంది, అప్పుడు దీని వెలుగు మూసి దాని వెలుగు తెరవాలి. ఆ తర్వాత ఒక్క సెకను ఫిల్మే మిగులుతుంది. చుక్క ఉండేది నాలుగు బొమ్మల మీద, సెకనులో ఆరో వంతు. అదే క్షణంలో ప్రొజెక్టర్‌కి వెలుగునిచ్చే కార్బన్ కడ్డీల దూరం సరిచేస్తూ తల తిప్పాడా, తెర తెల్లబోతుంది, హాల్లో ఈలలు. కార్బన్లు కాలుతూ తరిగిపోతుంటాయి మరి. మధ్య ఖాళీ పెరిగితే బొమ్మ పసుపెక్కి, మసకబారి, చివరికి ఆరిపోతుంది. సినిమా చుక్క కనబడడం లేదని కొందరు ఆపరేటర్లు మేకుతో తమ సొంత గుర్తు గీరేవాళ్ళు. ఒకే చోట నాలుగైదు గుర్తులు కనిపిస్తే ఆ ప్రింటు అన్ని క్యాబిన్లు తిరిగిందన్నమాట.

మనిషి మాయమై తేలడం అతుకుల వల్ల. అంచున ఉండే పళ్ళ రంధ్రాలు చిరిగి ఫిల్ము తెగితే, పాడైన ముక్క కోసేసి, ఒక కొస మీద బొమ్మ పొర గీకి, సిమెంటు అనే జిగురు రాసి, రెండో కొస ఆనించి నొక్కుతారు. పొర సరిగ్గా గీకకపోతే అతుకు నిలవదు. జిగురు ఎక్కువైతే ఫిల్ము ముడుచుకుని గేటులో ఎగిరిపడుతుంది. ఊడిన అతుకుని మళ్ళీ వేయాలంటే మరో రెండు బొమ్మలు కోయాలి. ఆరు బొమ్మలు పోతే పావు సెకను పోయినట్టు. అతుకుని పట్టుకోవడానికి ఓ చిట్కా ఉంది: బొమ్మ ముందు గెంతుతుంది, ముప్పాతిక సెకను దాటాక చెవికి ‘టప్’ మంటుంది. ప్రొజెక్టర్‌లో శబ్దం చదివే తల బొమ్మ గేటు కంటే ఇరవై బొమ్మల దూరంలో కింద ఉంటుంది. ఒకే అతుకు ముందు కంటికీ తర్వాత చెవికీ తగులుతుంది. గెంతు ఉండి టప్ లేదంటే తర్వాత ఎవరో శబ్దాన్ని శుభ్రం చేశారు. టప్ కూడా లేని, వాన కూడా లేని చోట గెంతు కనిపిస్తే మాత్రం అది ఎడిటర్ తప్పు, ఆయన్నే అడగాలి.

రీలు ఖాతా అయింది. ఇక తీసినవాళ్ళ గారడీలు.

కారు సంగతి మీరు సరిగ్గానే పట్టారు. ఆ రోజుల్లో శబ్దం బయటికి రాకుండా కవచం తొడిగిన కెమెరాని కదపాలంటే ఇద్దరు ముగ్గురు పట్టాలి. దాన్ని కార్లో పెట్టి మాటలు రికార్డు చేయడం అయ్యే పని కాదు. అందుకని ముందే ఒక వ్యాన్ ఎక్కి, కెమెరాని వెనక్కి తిప్పి రోడ్డు తీసుకొస్తారు. స్టూడియోలో కారు నిలబెట్టి, దాని వెనకాల పలచటి తెర కట్టి, తెర అవతలి నుంచి ఆ రోడ్డుని ప్రొజెక్టర్‌తో వేస్తారు. కారు ముందు కెమెరా. ఇద్దరు మనుషులు కర్రలతో కారుని కుదుపుతుంటారు, ఇంకొకడు దీపం ముందు కొమ్మ ఊపుతూ చెట్ల నీడలు పోనిస్తాడు. కెమెరా కన్నూ ప్రొజెక్టర్ కన్నూ ఒకేసారి తెరుచుకోవాలి, లేకపోతే వెనక బొమ్మ మినుకుమినుకు మంటుంది. రోడ్డుని తీసిన కెమెరా ఎత్తు కారు అద్దం ఎత్తుకి సరిపోకపోతే కారు గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఇక రోడ్డు తిన్నగా పోతుంటే స్టీరింగు గిరగిరా తిప్పడం మాత్రం హీరోల సరదా, దానికి సాంకేతిక కారణం వెతక్కండి.

నగాయిచ్ పేరు గుర్తుంచుకోమన్నది ఇందుకే. మన గూఢచారుల గారడీలు పౌరాణికాల ఇంట్లో పుట్టి పెరిగాయి. మబ్బుల్లో నారదుణ్ణి నడిపించడానికీ, రోడ్డు మీద గూఢచారి కారుని పరిగెత్తించడానికీ పరికరాలు ఒకటే, లెక్కలు ఒకటే. దేవుణ్ణి చూసి దణ్ణం పెట్టి, కారుని చూసి నవ్వడం న్యాయం కాదు.

రాత్రి కూడా అంతే. నిజం రాత్రి ఆరుబయట తీయాలంటే జనరేటరూ బండెడు దీపాలూ కావాలి. దానికి బదులు పట్టపగలు తీసి చీకటి చేస్తారు. లెన్సు కన్నం రెండు మెట్లు మూసేస్తే వెలుగు నాలుగో వంతుకి తగ్గుతుంది. నలుపు తెలుపు ఫిల్ముకి ముందు ఎర్ర అద్దం పెడితే నీలాకాశం నల్లబడుతుంది. చిక్కల్లా ఎర్రద్దం ఎర్రవన్నీ పాలిపోయేలా చేస్తుంది, హీరోయిన్ పెదాలు మాయమైపోతాయి. అందుకే దగ్గరి షాట్లు స్టూడియోలో విడిగా తీసి కలుపుతారు. మీరు చూడాల్సింది నీడ పొడవు. కాళ్ళ దగ్గరే పొట్టి నీడ ఉంటే ఆ ‘అర్ధరాత్రి’ తీసింది మిట్టమధ్యాహ్నం. చక్కగా తీసేవాళ్ళు పొద్దు వాలాక, సూర్యుడికి ఎదురుగా తీసి, దాన్ని వెన్నెల అనిపిస్తారు.

వేగానికి లెక్క తేలిక. కెమెరాని సెకనుకి 24 కాకుండా 16 బొమ్మలతో తిప్పితే, నలభై కిలోమీటర్లలో వెళ్ళే కారు తెర మీద అరవైలో వెళుతుంది. దొంగని పట్టించేది కారు కాదు, రోడ్డు పక్కన నడిచేవాడు. వాడు కోడిపుంజులా టకటకా నడుస్తుంటే లెక్క దొరికినట్టే. బొమ్మ కారో బొమ్మ ఓడో పేల్చేటప్పుడు ఇదే లెక్క తిరగేసి, సెకనుకి ఎక్కువ బొమ్మలతో తీస్తారు. అసలులో పదహారో వంతు బొమ్మయితే నాలుగు రెట్లు, అంటే 96. అయినా నీటి చుక్కా, నిప్పు నాలికా చిన్నవి కావు. బుల్లి ఓడ పక్కన గుమ్మడికాయంత నీటి బొట్టు కనిపిస్తే వదలకండి.

నెత్తి మీద పగిలే సీసాలు పంచదారవి. మూడున్నర కప్పుల పంచదార, రెండు కప్పుల నీళ్ళు, కప్పు గ్లూకోజ్ సిరప్. పాకం బాగా ముదిరేలా 150 డిగ్రీల దాకా కాచి అచ్చులో పోస్తారు. సిరప్ లేకపోతే పంచదార మళ్ళీ పలుకులై తెల్లబడుతుంది, 160 దాటితే గోధుమరంగు వస్తుంది. మన కృష్ణానది ఒడ్డు ఉక్కలో పూటలోనే జిగటెక్కుతుంది. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పొయ్యి ముట్టుకోకండి, ఆ పాకం చర్మానికి అంటితే వదలదు.

దానికంటే కారు ఆట ఆడుకోండి. ఏలూరు రోడ్డు మీద కారు వెనక అద్దంలోంచి ఎవరిచేతైనా రెండు నిమిషాలు వీడియో తీయించి టీవీలో వేయండి. టీవీకి ఆరడుగుల ముందు కుర్చీ, అందులో హీరో. దీపం పక్క నుంచి, టీవీ మీద పడకుండా. ఒకరు కుర్చీ ఊపాలి, ఒకరు దీపం ముందు వేపమండ ఆడించాలి. ఫోన్‌లో టీవీ మీద నల్ల పట్టీలు పాకితే షట్టర్ 1/50 పెట్టండి, తగ్గకపోతే 1/60. కెమెరా, ప్రొజెక్టర్ కళ్ళు కలవకపోతే ఏమవుతుందని చెప్పానో అదే ఇది.

ఇప్పుడు సినిమా మొదటి నుంచి పెట్టి, తొమ్మిదో నిమిషం దాటాక కుడి పైమూల మీద కన్నేసి ఉంచండి. చుక్క రాగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండోది ఎన్ని సెకన్లకి వచ్చిందో నాకు రాయండి. చుక్క లేకుండా గెంతు మాత్రమే కనిపిస్తే అదీ రాయండి. ఆ రీలు చివర ఎన్ని అడుగులు పోయాయో ఇక్కణ్ణుంచి లెక్క కట్టి చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య