మీటరు దిమ్మెలో కనబడని మెట్టు

త్యాగరాయనగర్, చెన్నై

పిల్లలూ,

ఆశీస్సులు. మొన్న మన వీధి చివర ఖాళీ స్థలాన్ని, దిమ్మెలు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటరు ఆటలో పార్కుగా కట్టి చూపిస్తే నేను చాలాసేపు మాట్లాడలేదు. నచ్చక కాదు. ముప్ఫై ఏళ్లు ప్లాన్లు గీసినవాణ్ణి, ఇలాంటిది అప్పుడు లేకపోయిందే అనిపించింది. ప్లాను తెచ్చి సభలో గోడకి తగిలించేవాళ్లం. జనం చూసి తలూపి వెళ్లిపోయేవాళ్లు. పైనుంచి చూసినట్టు గీసిన గీతల్లో తమ వీధిని ఎలా పోల్చుకుంటారు? అడగడానికి మొహమాటం.

మీరు ఆడే ఆటతోనే 2012లో ఐక్యరాజ్యసమితిలో ఊళ్లూ ఇళ్ల సంగతి చూసే యుఎన్ హాబిటాట్, ఆ ఆట తయారుచేసిన మొజాంగ్ సంస్థ కలిసి ‘బ్లాక్ బై బ్లాక్’ మొదలుపెట్టాయి. కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా అనే పేదల పేటలో తొలి ప్రయత్నాలు జరిగాయి. ఉన్న స్థలాన్ని ఆటలోకి దించుతారు. అక్కడ ఉండేవాళ్లే నలుగురేసి ఒక కంప్యూటరు ముందు కూర్చుని దీపం ఇక్కడ, చెట్టు అక్కడ అని పెట్టి చూస్తారు. ఆ తర్వాతే ఆర్కిటెక్టులు అసలు ప్లాను గీస్తారు. ‘ఇక్కడ గోడ వస్తే చీకటిగా ఉంటుంది, నేను రాను’ అని పదేళ్ల పిల్ల కూడా వేలుపెట్టి చూపించగలదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది అదే.

కానీ ఒకటి గమనించండి. ఆటలో ఒక్కో దిమ్మె మీటరు లెక్క. కాలిబాట అంచు ఎత్తు పదిహేను సెంటీమీటర్లే అయినా, దాన్ని ఎక్కలేకే మీ నానమ్మ రోడ్డు మీద నడుస్తుంది. అది మీ పార్కులో కనబడదు. దానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. 2004 నుంచీ లోకమంతా కలిసి గీస్తున్న పటం, ఎవరైనా దిద్దవచ్చు. ర్యాంపు, బెంచీ, మంచినీళ్ల కుళాయి ఎక్కడున్నాయో గుర్తు పెట్టవచ్చు. స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ అయితే అంచు ఎత్తా, సమంగా ఉందా అని మిమ్మల్నే అడుగుతుంది.

ఇంకో మాట. మీ పార్కు గేటు పెట్టిన చోటే పూలమ్మే ఆవిడ ఇరవై ఏళ్లుగా కూర్చుంటోంది. మధ్యాహ్నం నీడ అక్కడే పడుతుంది కాబట్టి ఆ చోటు ఎంచుకుంది. ఆ నీడ సంగతి ఏ పటంలోనూ లేదు, ఆవిడకి తెలుసు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి పక్కన కూర్చోండి. మౌస్ ఆవిడ చేతికివ్వండి.

ఆదివారం పొద్దున్న ఆరింటికి పానగల్ పార్కు గేటు దగ్గర ఉంటాను. కొలత టేపు నేను తెస్తాను, ఫోన్లు మీరు చార్జి చేసి తెండి.

మీ తాతయ్య