ఒంటికాలి మీద నిలబడ్డ పిట్ట కుంటిది కాదు: చలికాలపు తీరంలో అపోహలు - వాస్తవాలు

చలికాలం వస్తే చాలు, స్నేహితులం నలుగురైదుగురం కలిసి పక్షులు చూడ్డానికి సముద్రతీరానికి వెళ్తుంటాం. ప్రతిసారీ ఒకరిద్దరు కొత్తవాళ్లు చేరతారు. వాళ్లతోపాటు కొన్ని నమ్మకాలూ వస్తాయి. కొన్నింటివల్ల మన పొద్దు వృథా అవుతుంది, కొన్నింటివల్ల పక్షులకు నష్టం.

అపోహ: తెల్లవారకముందే వెళ్తేనే పక్షులు కనిపిస్తాయి.

వాస్తవం: అడవి సంగతి అంతే. తీరంలో మాత్రం పక్షుల దినచర్యను నడిపేది ఆటుపోట్లే. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తీసి బురదనేల బయటపడగానే శాండ్‌పైపర్లు, ప్లోవర్లు లాంటి తీరపు పిట్టలు మేతకోసం దూరదూరంగా చెదిరిపోతాయి. బైనాక్యులర్స్‌లో చూసినా చుక్కలే. పోటు ఎక్కేకొద్దీ వాటికి చోటు తగ్గి, అవే ఒడ్డుకు దగ్గరవుతాయి. అందుకే నిండు పోటుకు రెండు గంటల ముందే చేరుకుని ఒకచోట కూర్చుంటాం. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రోజుకు రెండు పోట్లుండే తీరంలో ఈ ఆదివారం ఉదయం 8 గంటలకు పోటు నిండితే, వచ్చే ఆదివారం అదే వేళకు ఆటు ఉంటుంది. ఆటుపోట్ల పట్టిక చూడకుండా ప్రయాణం ఖాయం చేసుకోకండి.

అపోహ: ఒంటికాలి మీద నిలబడిందంటే దెబ్బ తగిలినట్టే.

ఒకసారి శాండర్లింగ్ అనే చిన్న తీరపు పిట్ట మేం దగ్గరవుతుంటే ఒంటికాలితోనే గెంతుతూ జరిగింది. "అయ్యో, పట్టుకుని వైద్యం చేయిద్దాం" అన్నారు ఒకరు. ఆగమన్నాను. ఇంకో అల వచ్చింది. ఈకల్లోంచి రెండో కాలు దించి, వెనక్కి తీసే నీటి వెంట పరుగందుకుంది! కాళ్లకు ఈకలుండవు, వాటినుంచి వేడి పోతుంది. ఒక కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటే ఆ వేడి మిగులుతుంది.

అపోహ: ఎగిరిపోతే ఏముంది, మళ్లీ వచ్చి వాలతాయిగా.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. పోటు నిండినప్పుడు మేత దొరకదు, అది వాటి విశ్రాంతి వేళ. ఒక ఏడాది మాలో ఒకరు ఫోటో కోసం ఇంకో పదడుగులు ముందుకేశారు. వందల పక్షులు ఒక్కసారిగా లేచాయి. నీళ్లమీద నాలుగు చుట్లు తిరిగి, చివరికి దూరంగా ఉన్న ఇసుకదిబ్బమీద వాలాయి. ఆ నాలుగు చుట్లకూ ఖర్చయింది అవి రోజంతా బురదలో ఏరుకుని కూడబెట్టిన కొవ్వు. 2022లో ఐదు నెలల వయసున్న ఒక గాడ్విట్ (ఇదీ తీరపు వలసపక్షే) అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా వాలకుండా ఎగిరింది. దానికి ఇంధనం అలాంటి కొవ్వే. పక్షులు ఈకలు సర్దుకోవడం ఆపి తలలు పైకెత్తాయంటే మనం అప్పటికే దగ్గరికి వచ్చేశాం. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి జరగాలి.

అపోహ: చలికాలంలో అన్నీ బూడిదరంగే, పోల్చుకోలేం.

రంగు పక్కనపెట్టి మేసే తీరు చూడండి. ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, చటుక్కున పొడుస్తుంది. దానికి కళ్లే ఆధారం. డన్లిన్ తలొంచుకుని కుట్టుమిషన్ సూదిలా బురదను పొడుస్తూనే ఉంటుంది. రెడ్ నాట్ అయితే తడి ఇసుకలో దాగిన గవ్వపురుగుల జాడ ముక్కు కొనతో పసిగడుతుంది. గ్రే ప్లోవర్ ఎగిరినప్పుడు రెక్క కింద చంకలో నల్లమచ్చ కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు. పేరు నమ్ముకుని బ్లాక్‌హెడెడ్ గల్‌కు నల్లతల వెతక్కండి, ఈ కాలంలో కంటి వెనక ఒక మచ్చే మిగులుతుంది.

అపోహ: బైనాక్యులర్స్ ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిది.

గాలికి చేతులు వణుకుతాయి, పెద్దగా చూపించేకొద్దీ బొమ్మ ఇంకా వణుకుతుంది. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మిల్లీమీటర్లు) చాలు. గుంపుకంతటికీ ఒక స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద నిలిపి చూసే దుర్భిణి) ఉంటే ఇంకా నయం.

అపోహ: నలుగురు కలిసి వెళ్తే పక్షులు బెదిరిపోతాయి.

విడివిడిగా పరుచుకుని నడిస్తే బెదురుతాయి. ఒకరి వెనక ఒకరు, దిబ్బ అంచుమీదికి ఎక్కకుండా నడిస్తే అంతగా పట్టించుకోవు. పైగా లెక్కపెట్టడానికి మనుషులు కావాలి. పది పక్షులు లెక్కపెట్టి, ఆ పది ఆక్రమించిన మేర ఎంతో చూసి, అలాంటి మేరలు గుంపులో ఎన్నున్నాయో చూస్తాం. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఆ తర్వాతే చెప్పుకుంటారు. తేడా ఎక్కువుంటే నీళ్లు తీసేలోపు మళ్లీ మొదటినుంచి లెక్కపెడతాం.