రబ్బరు సామాన్లు: ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మాది రబ్బరు మౌల్డింగ్ యూనిట్. ఇంజను మౌంటింగ్‌లు (ఇంజను అదురును ఆపే రబ్బరు దిమ్మలు), స్ప్రింగ్ బుష్‌లు (స్ప్రింగు కంతల్లో దూర్చే రబ్బరు తొడుగులు), సెంటర్ బేరింగ్ రబ్బర్లు చేస్తాం. ముందు షాపులో పెద్ద కంపెనీల ఆయిల్ సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు), ఫ్యాన్ బెల్టులు, హోస్ పైపులు కూడా పెట్టి అమ్ముతాం. కౌంటర్ దగ్గర రోజూ వినే మాటల్లో కొన్ని తప్పు మాటలు బాగా పాతుకుపోయాయి. వాటివల్ల ఓనర్ల డబ్బు పోతోంది. బ్రేకుల విషయంలో అయితే ప్రాణాల మీదికే వస్తోంది. ఈ సామాన్లు చేసే పాత కంపెనీల చరిత్ర కాస్త తెలిస్తే వీటిలో సగం వాటంతటవే పోతాయని నా నమ్మకం. అందుకే జర్మనీలో 1871లో పుట్టిన కాంటినెంటల్ టైర్ల కంపెనీ కథను దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

అపోహ: ఈ పెద్ద కంపెనీలు మొదటి నుంచీ కార్ల సామాన్లే చేసేవి.

వాస్తవం: కాంటినెంటల్ హానోవర్ నగరంలో మొదలైనప్పుడు లోకంలో కారే లేదు. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు అడిగింది 1886లో. అంటే కంపెనీ పుట్టిన పదిహేనేళ్లకు. అప్పటిదాకా వాళ్లు చేసింది మెత్తటి రబ్బరు వస్తువులు, రబ్బరు పూత పూసిన గుడ్డ, గుర్రపు బళ్లకూ సైకిళ్లకూ గట్టి రబ్బరు టైర్లు. 1882లో పెట్టుకున్న గుర్రం గుర్తు ఇప్పటికీ టైరు మీద ఉంటుంది. 1892లో గాలి నింపే సైకిల్ టైర్లు, 1898లో కారు టైర్లు మొదలుపెట్టారు. ఆ కారు టైర్లు నున్నగా ఉండేవి, గాడులు లేవు. గాడులున్న కారు టైరు 1904లో వచ్చింది. 1909లో ఫ్రెంచి వైమానికుడు లూయీ బ్లెరియో ఇంగ్లిష్ చానల్ దాటిన విమానం రెక్కలకు చుట్టింది కూడా ఈ కంపెనీ గుడ్డే.

మన షాపుల్లో అమ్మే మిగతా సామాన్ల మూలాలు ఇంకా ఆశ్చర్యంగా ఉంటాయి. ఆయిల్ సీళ్లకు పేరుపడ్డ జర్మనీ కంపెనీ ఫ్రాయిడెన్‌బర్గ్ 1849లో మొదలైంది తోళ్లు పదునుచేసే కంపెనీగా. ప్రపంచమంతా మాంద్యంలో పడి తోలు గిరాకీ తగ్గినప్పుడు, ఉన్న తోలుతోనే ఇంజన్లకు సీళ్లు కత్తిరించడం మొదలుపెట్టారు. 1932లో అక్కడి ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ ఆ తోలు సీలు పెదవిని (అంచును) లోహపు రింగులో బిగించి ఒక సీలు తయారుచేశాడు. నాలుగేళ్లకే తోలు పోయి ఆ స్థానంలో రబ్బరు వచ్చింది. మనం ఇప్పుడు సుత్తితో తట్టి బిగించే ఆయిల్ సీలు రూపం అదే. అమెరికాలో గేట్స్ కంపెనీది కూడా ఇదే దారి. 1911లో డెన్వర్‌లో టైర్ల మీద తొడిగే తోలు తొడుగులతో మొదలై, 1917లో వీ-బెల్టు (వీ ఆకారపు ఫ్యాన్ బెల్టు) దాకా వచ్చింది.

దీన్నిబట్టి నేను చెప్పేది ఒకటే. ఈ కంపెనీలు నిలబడింది ఒక సరుకును పట్టుకుని కాదు. ఏ పనికి ఏ పదార్థం ఆగుతుందో తెలుసుకుంటూ పోవడం వల్ల.

అపోహ: టైరు రబ్బరు కనిపెట్టిన గుడ్‌ఇయరే గుడ్‌ఇయర్ కంపెనీ పెట్టాడు.

వాస్తవం: కాదు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1860లో అప్పులతో చనిపోయాడు. కంపెనీని 1898లో ఫ్రాంక్ సైబర్లింగ్ అమెరికాలోని అక్రాన్‌లో పెట్టి, గౌరవంగా ఆయన పేరు పెట్టుకున్నాడు. ఆ కుటుంబానికి ఇందులో వాటా లేదు.

అపోహ: నల్లగా లేకపోతే అది రబ్బరే కాదు. ఎంత నలుపైతే అంత గట్టి.

వాస్తవం: రబ్బరు చెట్టు పాలు తెల్లగా ఉంటాయి. పొగబెట్టి ఆరేసిన షీటు తేనె రంగులో ఉంటుంది. మొదటి కార్ల టైర్లు తెలుపు, బూడిద రంగుల్లో ఉండేవి. కార్బన్ బ్లాక్ కలిపితే అరుగుదల బాగా తగ్గుతుందని తెలిశాక, 1910 తర్వాతే నల్ల టైర్లు వాడుకలోకి వచ్చాయి. నలుపుకు లాభం ఉంది గానీ, రంగు చూసి సరుకు తేల్చలేం. పాత టైర్ల పొడి ఎక్కువగా కలిపిన బుష్ కూడా నిగనిగలాడే నలుపే. దాన్ని గోటితో నొక్కి, వంచి చూడండి. వంచిన చోట బూడిద రంగు గీత పడినా, అంచున పొడి రాలినా తిరిగి ఇచ్చేయండి.

అపోహ: నాచురల్ రబ్బరే అసలైనది. సింథటిక్ అంటే డూప్లికేట్.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. కొంచెం వివరంగా చెబుతాను.

1909లో బేయర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాఫ్‌మన్ కృత్రిమ రబ్బరుకు పేటెంటు తీసుకున్నాడు. దానితో టైర్లు చేసి చూసింది కాంటినెంటల్. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్ర మార్గాలు మూసుకుపోయి జర్మనీకి చెట్టు రబ్బరు రాకపోతే ఆ కృత్రిమ రబ్బరునే వాడారు. జలాంతర్గాముల బ్యాటరీ పెట్టెలకు అది బాగానే పనికొచ్చింది. టైర్లకు మాత్రం సరిపోలేదు. సింథటిక్ అంటే నాసిరకం అన్న పేరు అప్పటి నుంచే వచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో ఆ మాటలో నిజమూ ఉంది.

తర్వాత కథ మారింది. 1931లో అమెరికా కంపెనీ డ్యూపాంట్ నియోప్రీన్ అనే సింథటిక్ రబ్బరు తెచ్చింది. 1930ల్లోనే జర్మనీలో నైట్రైల్ అనే మరో సింథటిక్ రబ్బరు తయారైంది. ఈ నైట్రైల్ చెట్టు రబ్బరుకు చౌక నకలు కాదు. చెట్టు రబ్బరు చేయలేని పని చేస్తుంది. చెట్టు రబ్బరును ఇంజను ఆయిల్లో వేస్తే ఆయిల్ పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడి చిరుగుతుంది. నైట్రైల్ ఆగుతుంది. అందుకే ఆయిల్ సీళ్లలో ఎక్కువ భాగం నైట్రైలే. చెట్టు రబ్బరుతో చేసిన ఆయిల్ సీలు ఎవరైనా ఇస్తే అదే డూప్లికేట్.

అలాగని నైట్రైల్ అన్నిచోట్లా పనికొస్తుందనీ కాదు. కార్లు, ఆటోలు, చిన్న ట్రక్కుల బ్రేకుల్లో పోసే ద్రవం గ్లైకాల్ జాతిది, పెట్రోలియం ఆయిల్ కాదు. ఆ ద్రవంలో ఈపీడీఎం అనే ఇంకో రకం సింథటిక్ రబ్బరు లాంటివి ఆగుతాయి, నైట్రైల్ ఉబ్బుతుంది. ఈపీడీఎంను డీజిల్లోనో ఇంజను ఆయిల్లోనో వేస్తే అది ఉబ్బుతుంది. ఒకదానికి మందు ఇంకోదానికి విషం.

మొన్న ఒక మేస్త్రీ వీల్ సిలిండర్ కప్పులు (చక్రం దగ్గరి బ్రేకు సిలిండర్‌లో ఉండే రబ్బరు సీళ్లు) తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. "ఇదేం సరుకండీ, వారం కాకుండానే ఉబ్బిపోయాయి" అన్నారు. కప్పు చేతిలోకి తీసుకుంటే పెదవి బయటికి వంకర తిరిగి ఉంది. తను వచ్చిన సిలిండర్‌లోకే తిరిగి దూరడం లేదు. వేలితో నొక్కితే సొట్ట పడి నెమ్మదిగా పైకి లేస్తోంది. "బిగించే ముందు దేనితో కడిగారండీ మేస్త్రీ గారూ?" అని అడిగాను. "డీజిల్‌తోనేనండీ, ఎప్పుడూ అంతేగా" అన్నారు. సరుకు మంచిదే, కడగడమే తప్పు. బ్రేకు కప్పులను కొత్త బ్రేక్ ఆయిల్‌తో మాత్రమే తడపాలి. మన వాడుకలో ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదని గుర్తుంచుకుంటే చాలు.

ఇక చెట్టు రబ్బరు ఎక్కడ రాజు? ఇంజను మౌంటింగ్‌లో, స్ప్రింగ్ బుష్‌లో. కోట్లసార్లు సాగి, నలిగి, మళ్లీ యథాస్థితికి రావాలంటే, చిరుగు పడినా అది పెరగకుండా ఆగాలంటే చెట్టు రబ్బరును మించింది దొరకడం కష్టం. విమానాల టైర్లలో దాదాపు అంతా ఇదే. కారు టైర్లతో పోలిస్తే లారీ టైర్లలో దీని వాటా ఎక్కువ. మా యూనిట్‌లో మౌంటింగ్‌లకు కేరళ షీటు తప్ప వేరేది వాడం.

అపోహ: పాత రబ్బరును కరిగించి డైలో (అచ్చులో) పోస్తే కొత్త సామాను వస్తుంది.

వాస్తవం: ప్లాస్టిక్ కరుగుతుంది, ఉడికిన రబ్బరు కరగదు. యూనిట్‌లో జరిగేది చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. రెండు ఇనుప రోలర్ల మధ్య షీటు వేసి నలుపుతాం. మొదట గరుకుగా, రంధ్రాలుగా ఉన్నది కాసేపటికి రోలర్‌కు చర్మంలా అతుక్కుని మెత్తబడుతుంది. జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్, కార్బన్ బ్లాక్ వేస్తాం. సల్ఫర్ చివర్లోనే వేయాలి, ఎందుకంటే అది కలిశాక వేడి ఎక్కువైతే మిల్లు మీదే రబ్బరు ఉడకడం మొదలవుతుంది. అలా గడ్డలు కట్టిన లాటు ఇక దేనికీ పనికిరాదు. సరిగా వచ్చిన కాంపౌండును కోసి, తూకం వేసి, డైలో పెట్టి, ప్రెస్సులో 150 డిగ్రీల వేడి మీద నొక్కి ఉంచుతాం. అప్పుడు సల్ఫర్ రబ్బరు పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టింది ఈ ముడినే. వేగిన గారెను మళ్లీ పిండి చేయలేనట్టే, ఈ ముడి పడిన రబ్బరు వెనక్కి రాదు. పాత టైర్లను పొడి చేసి, కొంత శుద్ధి చేసి కొత్త కాంపౌండులో కలపొచ్చు. ఫ్లోర్ మ్యాట్‌లకు, మడ్ ఫ్లాప్‌లకు అది సరిపోతుంది. బరువు మోసే బుష్‌లో ఎక్కువగా కలిపితే మాత్రం అది తొందరగా చీలుతుంది. ధర తక్కువ కావడానికి చాలాసార్లు కారణం ఇదే.

రీట్రెడింగ్ ఇందుకు భిన్నం. పాత టైరును కరిగించరు. అరిగిన పైభాగం చెక్కి, కొత్త ట్రెడ్ రబ్బరు పెట్టి ఉడికిస్తారు. ఎంఆర్ఎఫ్ అసలు ఎదిగింది ఈ ట్రెడ్ రబ్బరుతోనే. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఒక షెడ్డులో పిల్లల బెలూన్లతో మొదలై, 1952లో ట్రెడ్ రబ్బరులోకి, 1960ల్లో టైర్లలోకి వచ్చింది.

అపోహ: వందేళ్లు దాటిన కంపెనీ అంటే మచ్చలేని కంపెనీ, మారని కంపెనీ.

వాస్తవం: మారకుండా ఏదీ లేదు. కాంటినెంటల్ 1998లో అమెరికా కంపెనీ ఐటీటీ నుంచి టెవెస్ బ్రేకుల వ్యాపారం కొంది. 2007లో బండ్ల మీటర్లు, ఎలక్ట్రానిక్స్ చేసే సీమెన్స్ వీడీఓను 1,140 కోట్ల యూరోలకు తీసుకుంది. అప్పటి నుంచి రబ్బరు కంపెనీ అనడం కన్నా మీటర్లు, సెన్సార్లు, బ్రేకుల కంపెనీ అనడమే సరిపోయేంతగా మారింది. 2025 సెప్టెంబరులో ఆ భాగమంతా ఆమోవియో పేరుతో విడిపోయి వేరే కంపెనీ అయింది. మన దేశంలో మోదీపురం టైర్ల ఫ్యాక్టరీని 2011లో కొన్నారు. అందుకని డబ్బా మీద పేరు ఒక్కటే చూడకండి. ఎక్కడ, ఎప్పుడు, ఏ బండి కోసం చేశారో కూడా చూడండి.

మచ్చ విషయం. నాజీల కాలంలో ఈ కంపెనీ యుద్ధ సరఫరాల్లో మునిగి, వేలమంది చేత బలవంతపు చాకిరీ చేయించుకుంది. సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో ఖైదీలను రోజంతా నడిపించి బూటు అడుగులను పరీక్షించిన ట్రాక్ ఉండేది. అక్కడ కాంటినెంటల్ రబ్బరు అడుగులనూ పరీక్షించారు. కంపెనీయే చరిత్రకారుడు పాల్ ఎర్కర్‌తో అధ్యయనం చేయించింది. 2020లో అది బయటికి వచ్చింది. రబ్బరు పనిలో బతుకుతున్న మనం ఈ సంగతి దాటేసి గొప్పలు మాత్రమే చెప్పుకుంటే ఆ ఖైదీలకు అన్యాయం చేసినట్టే.

అపోహ: సర్వీసింగ్‌లో అడుగున డీజిల్, వాడేసిన ఆయిల్ కొట్టిస్తే బుష్‌ల చప్పుడు పోతుంది.

వాస్తవం: రెండు మూడు రోజులు పోతుంది. రబ్బరు మెత్తబడుతుంది కదా. ఆ తర్వాత బుష్ ఉబ్బి వదులై, చప్పుడు ఇంకా పెద్దదవుతుంది. పైగా ఆ ఆయిల్‌కు దుమ్ము అతుక్కుని గరుకు కాగితంలా అరగదీస్తుంది. నీళ్లు, షాంపూ చాలు. కిర్రుమంటుంటే సిలికాన్ గ్రీజు రాయించండి. అప్పటికీ పోకపోతే బుష్ అరిగినట్టే, మార్చాల్సిందే.

అపోహ: బిగించకుండా షాపులో ఉన్నది ఎన్నేళ్లయినా కొత్తదే.

వాస్తవం: రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లే పగులుతాయంటారు, ఆ రోజుల్లో రేకుల షెడ్డు కింద అటక మీద పెట్టిన బెల్టు సంగతి చెప్పాలా? వేడి కన్నా దొంగదెబ్బ తీసేది ఓజోన్. మోటార్ల నిప్పురవ్వల దగ్గర, వెల్డింగ్ జరిగేచోట అది పుడుతుంది. మన ఆటోనగర్‌లో ఈ రెండూ లేని వీధి లేదు. సాగదీసి మేకుకు వేలాడదీసిన బెల్టు మీద, వంగిన చోట అడ్డంగా సన్నటి బీటలు పడతాయి. అందుకే మా దగ్గర బెల్టులు, సీళ్లు నల్ల కవర్లలో, పరుచుకుని ఉండేలా, వెల్డింగ్‌కు దూరంగా కింది అరల్లో పెడతాం. ముందు వచ్చింది ముందు అమ్ముతాం.

టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో చేసింది. సాధారణంగా అది ఒక పక్కనే ఉంటుంది. బిగించాక లోపలి వైపుకు పోతే కనపడదు, కాబట్టి బిగించక ముందే అడిగి చూడండి. సీళ్లకు, కప్పులకు ప్యాకెట్ మీద తయారీ నెల ఉంటుంది. ప్యాకెట్ చించి విడిగా ఇస్తే తీసుకోవద్దు.