ప్రెయిరీ మీద పెరిగిన ఐస్‌లాండ్ పిల్లలు: ఇంటి భాష వెనకబడిన క్రమం

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రపు పెంబినా కౌంటీలోనూ, కెనడాలోని మానిటోబాలోనూ ఐస్‌లాండ్ వలసదారుల సంతతి నేటికీ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నా, ముత్తాతల భాష చదవగలిగినవారు వారిలో కొద్దిమందే. పెట్టెల్లో పుస్తకాలు సర్దుకుని సముద్రం దాటిన కుటుంబాల్లో ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే, అక్కడి పిల్లల పెంపకాన్ని మొదటి నుంచీ చూడాలి.

సుమారు 70 వేల జనాభా ఉన్న ఐస్‌లాండ్ నుంచి 1870, 1914 మధ్య దాదాపు ఐదోవంతు మంది ఉత్తర అమెరికాకు తరలిపోయారు. భూమి లేనివారు మరొకరి ఇంట పాలేర్లుగా ఉండి తీరాలన్న చట్టం అక్కడ పేదలను కట్టిపడేసింది. 1875 మార్చిలో అస్క్యా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద తూర్పు ప్రాంతపు పచ్చిక బయళ్లను పాడుచేసింది. అదే ఏడాది అక్టోబరులో మొదటి బృందం మానిటోబాలోని విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున గిమ్లీ వద్ద దిగగా, మరుసటి ఏడు వెయ్యికి పైగా జనం వచ్చి చేరారు.

ఆ వెనువెంటనే, 1876 చలికాలంలో మశూచి వ్యాపించి సుమారు వందమంది ఐస్‌లాండ్ వాసులను బలిగొంది, వారిలో ఎక్కువమంది పిల్లలే. అయితే ఆ నేల అప్పటికే నివాసమున్న క్రీ, ఒజిబ్వే ప్రజలదన్న సంగతినీ, అదే వ్యాధికి శాండీ బార్‌లోని వారి గ్రామం తుడిచిపెట్టుకుపోయిన సంగతినీ చెప్పకుండా వలసదారుల కష్టాలను మాత్రమే చెప్పడం న్యాయం కాదు. వరదలూ, మతాచార్యుల మధ్య తగాదాలూ తోడవడంతో 1878 నుంచి అనేక కుటుంబాలు దక్షిణాన డకోటా మైదానాలకు కదిలి, అక్కడ ప్రభుత్వమిచ్చే 160 ఎకరాల భూముల్లో స్థిరపడ్డాయి.

ఐస్‌లాండ్‌లో పిల్లలకు చదువు చెప్పడం ఇంటివారి బాధ్యత, దాన్ని పరిశీలించడం పాస్టరు విధి. చలికాలపు రాత్రుల్లో ఒకరు సాగాలు (ఐస్‌లాండ్ ప్రాచీన వీరగాథలు) బిగ్గరగా చదువుతుంటే మిగిలినవారు ఉన్ని ఏకుతూ, వడుకుతూ వినేవారు, ఆ అలవాటు వలస వెళ్లిన చోట కట్టుకున్న దుంగల ఇళ్లలోనూ సాగింది. పగలు దున్ని రాత్రి కవిత్వం రాసిన స్టెఫాన్ జి. స్టెఫాన్సన్ డకోటాలోనూ, 1889 తర్వాత ఆల్బర్టాలోనూ సేద్యం చేస్తూనే ఐస్‌లాండ్ భాషలో గొప్ప కవిగా ఎదిగాడు.

కానీ ఇంటి భాషను నిలిపిన ఆ చదువుల మమకారమే పిల్లలను ఇంగ్లీషు వైపూ నడిపిందని నా అభిప్రాయం. గిమ్లీలో తొలి శీతాకాలంలోనే తెరిచిన బడి ఇంగ్లీషు నేర్పింది. కౌమారంలోనే విన్నిపెగ్ నగరంలోని ఇళ్లలో పనికి కుదిరిన ఆడపిల్లలు జీతంతో పాటు ఆ భాషనూ ఇంటికి తెచ్చారు. తండ్రి పేరుకు 'కొడుకు', 'కూతురు' అని చేర్చి పిలిచే పద్ధతి పోయి, బడి రిజిస్టర్లకు సరిపడే స్థిరమైన ఇంటిపేర్లు వచ్చాయి. 1879లో మానిటోబాలోని ఆర్నెస్‌లో పుట్టి, డకోటాలో పెరిగి, ధ్రువ అన్వేషకుడిగా పేరొందిన విల్యాల్మర్ స్టెఫాన్సన్ మాత్రం, విలియం స్టీఫెన్సన్ అన్న పేరును పెద్దయ్యాక వదిలేసి ఐస్‌లాండ్ రూపాన్ని తీసుకున్నాడు.

పాఠకులు తగ్గడంతో విన్నిపెగ్‌లో దశాబ్దాలపాటు పోటీపడిన 'హెయిమ్స్‌క్రింగ్లా', 'లోగ్‌బెర్గ్' అనే ఐస్‌లాండ్ భాషా పత్రికలు 1959లో ఒకటయ్యాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే, ఇళ్లలో వినిపించడం తగ్గుతున్న ఆ భాషకు మానిటోబా విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం ఏర్పడింది. దానికి కావలసిన డబ్బును విరాళాలుగా ఇచ్చింది ఈ వలస కుటుంబాల వారే.