టీబీ: ఆస్పత్రి సిబ్బందిలో తిరిగే అపోహలు - వాస్తవాలు

టీబీ రోగి తాగిన గ్లాసును ముట్టుకోవడానికి జంకే సిబ్బందే, ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో దగ్గే మనిషి ఎదురుగా అరగంట కూర్చుంటారు. కాకినాడ, అమలాపురం, భీమవరం, ఎక్కడైనా ఇదే తంతు. భయం ఒకచోట, ముప్పు మరోచోట.

అపోహ: గ్లాసు, కంచం, దుప్పటితో అంటుకుంటుంది.
అంటుకోదు. దగ్గినప్పుడు పడే తుంపర ఆరిపోయి, 1 నుంచి 5 మైక్రాన్ల కణాలుగా గాలిలో గంటల తరబడి తేలుతుంది. ఆ గాలి పీలిస్తేనే సోకుతుంది. ఫినాయిల్‌తో నేల తుడవడం శుభ్రతకు మంచిదే గానీ టీబీని ఆపదు.

అపోహ: ముప్పంతా టీబీ వార్డులోనే.
సరైన మందులు పడుతున్న రోగి నుంచి వ్యాప్తి త్వరగానే తగ్గిపోతుంది. అసలు ప్రమాదం, తనకు టీబీ ఉందని ఇంకా ఎవరికీ తెలియని మనిషితో. అతను ఉండేది ఓపీ చీటీల వరుసలో, ఎక్స్‌రే గది ముందు, షుగర్ రోగుల బెంచీ మీద (షుగర్ ఉంటే టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు). చీటీ రాసే దగ్గరే "రెండు వారాలుగా దగ్గుందా?" అని అడగండి. ఉందంటే సర్జికల్ మాస్కు ఇచ్చి, వరండాలో కూర్చోబెట్టి, ముందుగా లోపలికి పంపండి. వరుసలో వాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

అపోహ: ఏసీ గది సురక్షితం.
ఇది అన్నిటికంటే చెడ్డ అపోహ. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. గదిలో గాలి గంటకు 12 సార్లు మారితే 99 శాతం కణాలు పోవడానికి సుమారు 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లే మారితే 46 నిమిషాలు. రోగి బయటికెళ్లగానే లోపలికొచ్చే నర్సమ్మకు ఈ లెక్క తెలియాలి.

తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో 20 శాతం ఉండాలి. అంటే 10 అడుగులు, 12 అడుగుల గదికి 24 చదరపు అడుగులు, అదీ ఎదురెదురు గోడల్లో. ఒకే గోడకు రెండు కిటికీలుంటే గాలి ఆడదు. మన దగ్గర దోమలు, వానజల్లు వంకతో కిటికీలు మూస్తారు. దోమల మెష్ పెట్టండి, కానీ దానికి దుమ్ము పట్టిందంటే గాలి దూరదు, తరచూ కడగాలి. కుర్చీలు వేసేటప్పుడు గాలి మీకూ రోగికీ మధ్యగా, అడ్డంగా పోయేలా చూడండి. మధ్యాహ్నం సముద్రపు గాలి, రాత్రి నేల గాలి దిశ మార్చుకుంటాయి కాబట్టి రోగి వెనకగానో మీ వెనకగానో వచ్చే ఏర్పాటు సగం రోజే పనిచేస్తుంది. ఒక అగరుబత్తి వెలిగించి పట్టుకుంటే పొగే దారి చూపిస్తుంది.

తెమడ తీయించడం బాత్రూములోనో, ల్యాబ్ లోపలో వద్దు. ఆరుబయట, జనం లేని చోట.

అపోహ: రెండు సర్జికల్ మాస్కులు కలిపితే ఒక ఎన్95.
కాదు. సర్జికల్ మాస్కు రోగికి, ఎన్95 మనకు. అంచుల్లోంచి గాలి కారితే ఎన్95 కూడా వృథాయే. గడ్డం ఉంటే అంచు అతకదు. ఉతికినా, స్పిరిట్ చల్లినా వడపోత దెబ్బతింటుంది. మన ఉక్కలో చెమటకు తడిసిపోతే మార్చేయాలి.

అపోహ: మాంటూ (టీబీ క్రిమి సోకిందో లేదో చూసే చర్మపరీక్ష) ఎర్రబడితే పాజిటివ్.
ఎరుపు కాదు, గట్టిదనం చూడాలి. 0.1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్‌ను (టీబీ క్రిమి ప్రోటీన్ల ద్రవం) ముంజేతి లోపలివైపు చర్మంలోకే ఎక్కించాలి. 6 నుంచి 10 మి.మీ. తెల్లటి బొబ్బ లేవకపోతే మందు లోతుగా దిగిందన్నమాట, వేరేచోట మళ్లీ వేయాలి. మందు సిరంజి గోడకు అంటుకుంటుంది, నింపి అలాగే ఉంచకండి. 48 నుంచి 72 గంటల మధ్య చేతికి అడ్డంగా కొలవాలి. 10 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్, హెచ్ఐవీ ఉంటే 5 చాలు. గురువారం వేస్తే చదవాల్సిన గంటలు శని, ఆదివారాల్లో పడతాయి. సంక్రాంతి ముందు అసలే వద్దు.

ఇగ్రా అనే, ఇదే సంగతి చూసే రక్తపరీక్షకు బీసీజీ టీకా అడ్డురాదు. కానీ ట్యూబులు 17 నుంచి 25 డిగ్రీల్లో ఉండగా రక్తం తీయాలి, నింపాక ట్యూబును కదిపి రక్తం బాగా కలిసేలా చూడాలి, 16 గంటల్లోపు ఇంక్యుబేటర్లో పెట్టాలి. మే నెల ఎండలో మోటారు సైకిల్ మీద పంపిన ట్యూబు ఫలితాన్ని నమ్మలేం.

అపోహ: రోగి దగ్గర ఉన్న మర్నాడే పరీక్ష చేస్తే తేలిపోతుంది.
ఆనాటి పరీక్ష అంతకుముందు సంగతే చెబుతుంది. కొత్తగా సోకింది తేలాలంటే 8 నుంచి 10 వారాల తర్వాత మళ్లీ చేయాలి.

అపోహ: పాజిటివ్ అంటే జబ్బే.
శరీరంలో క్రిమి ఉందనే. జబ్బుగా మారేది జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మందిలో, అందులోనూ ఎక్కువగా మొదటి రెండేళ్లలో. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రే చూసి, అనుమానముంటే తెమడను సీబీనాట్ లేదా ట్రూనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్షలు) పంపాలి. జబ్బు లేదని తేలాకే నివారణ మందులు: ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా రిఫాపెంటిన్‌తో కలిపి వారానికోసారి 12 మోతాదులు. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఏటా మాంటూ వేయించడం దండగ; దగ్గు వస్తే చూపించుకోమనడమే పని.