ట్రావెల్ ఫోటోగ్రఫీ సెమినార్లు: డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

చలికాలం మొదలైందంటే చాలు, ట్రావెల్ ఫోటోగ్రఫీ సెమినార్ల పోస్టర్లు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చి పడుతుంటాయి. ఫోటోలు తీయడమే నా జీవనాధారం కాబట్టి వీటికి నేర్చుకోవడానికీ వెళ్తుంటాను, అప్పుడప్పుడు నేర్పడానికీ వెళ్తుంటాను. ఈమధ్య వెళ్ళినదాంట్లో మధ్యాహ్న భోజనం తప్ప ఏదీ టైముకు జరగలేదు. ఆ చిరాకు తగ్గకముందే రాసేస్తున్నా.

అపోహ: పెద్ద పేరున్న స్పీకర్ వస్తే చాలు.

స్పీకర్ ఎంతటివాడైనా హాలు కూడా సహకరించాలి కదా. ఆయన లాప్‌టాప్‌కి ఉన్నవి టైప్-సి పోర్టులే, హోటల్ వాళ్ళ దగ్గర ఉన్నది హెచ్‌డీఎంఐ కేబుల్, మధ్యలో పెట్టాల్సిన చిన్న అడాప్టర్ కోసం ఒకబ్బాయి బండేసుకుని బయటికి పరిగెత్తాడు. అది వచ్చేలోపు ముప్పావుగంట పోయింది. తీరా వచ్చాక చూస్తే కిటికీలకు సరైన కర్టెన్లు లేవు, రిసెప్షన్ల కోసం పెట్టిన స్టేజీ లైట్ల స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. రాత్రి ఆకాశం ఫోటోలన్నీ తెర మీద బూడిద రంగులో పడుతుంటే, "ఇక్కడ కనపడట్లేదు గానీ ఇందులో పాలపుంత ఉందండీ" అని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది, పాపం.

అన్నీ పనిచేసినా సరే, 'నేను తిరిగిన ఊళ్ళు' అని వరసగా స్లైడ్లు తిప్పితే అది పాఠం కాదు. ఒకేచోట తీసిన ముప్పై ఫ్రేములు పక్కపక్కన పెట్టి, ఒక్కటి ఎందుకు ఉంచుకున్నాడో మిగతావి ఎందుకు పక్కన పడేశాడో విడమరిచి చెప్పేవాడు దొరికితే, పేరు వినకపోయినా వెళ్ళండి. మీ ఫోటోలు చూసి మాట్లాడే టైము షెడ్యూల్లో ఉందా అన్నది కూడా ముందే అడగండి. నా లెక్కలో డబ్బు కట్టేది దానికే, మిగతావన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అపోహ: ఫోటోవాక్ (అందరూ కలిసి తిరుగుతూ ఫోటోలు తీయడం) ఉందంటే ప్రాక్టీస్ దొరికినట్టే.

ఒక మెంటార్‌కి ఎంతమందో అడగండి. పదిమంది దాటితే అది గుంపే. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒకాయన దగ్గరికి మమ్మల్నందరినీ ఒకేసారి తోలుకెళ్ళారు. లక్క వేడి మీద మెత్తగా ఉండగానే రాళ్ళు అద్దాలి, చల్లారితే పట్టవు. అలాంటి పనిలో ఉన్న మనిషి చుట్టూ ఇంతమంది లెన్సులు పెట్టి మూగి, పైగా వెలుతురు కూడా అడ్డుకుంటే ఆయన చెయ్యి ఆగిపోయింది. కొనడానికి వచ్చిన ఇద్దరాడవాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ముందుగా ఆయన్ని అడిగినవాళ్ళు లేరు, బేరం పోయినందుకు ఓ మాట అన్నవాళ్ళూ లేరు. ఆరోజు అందరి కార్డుల్లోనూ ఒకే ఫోటో: కెమెరా వైపు ఇబ్బందిగా చూస్తున్న ఒక మొహం.

అపోహ: మంచి చోటికి తీసుకెళ్తే ఫోటోలు వాటంతటవే వస్తాయి.

గండికోటకి ఉదయం పదకొండింటికి బస్సు దింపితే ఏం వస్తుంది? ఎర్రరాళ్ళ మీద ఎండ నిలువునా పడి, పెన్నా లోయకి లోతే కనిపించదు. అక్కడ వెలుతురు దొరికేది పొద్దున్నే, సాయంత్రమే, అంటే రాత్రి కోట దగ్గరో జమ్మలమడుగులోనో బస ఉండాలి. షెడ్యూల్లో బస లేదంటే ఆ ట్రిప్ వేసినవాళ్ళకి వెలుతురు సంగతి తెలీదని అర్థం. తెలిసినవాళ్ళు మధ్యాహ్నం లోయ వదిలేసి ధాన్యాగారం లోపలికి తీసుకెళ్తారు, బయటి ఎండ లోపలికి ఎంతవరకు వస్తుందో, ఎక్కడ చీకటి మొదలవుతుందో చూపించి ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుతురు రానివ్వాలో, నేర్పుతారు.

ఇంకోటి, కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి కావాలి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాక "సార్, సార్" అని బతిమాలే నిర్వాహకులు ఆ పని చేయలేదన్నమాట. 250 గ్రాముల లోపు నానో డ్రోన్ కదా అని రెడ్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని చోట) ఎగరేయడమూ కుదరదు, 2021 డ్రోన్ నిబంధనలు దానికీ వర్తిస్తాయి.

అపోహ: సర్టిఫికెట్ పనికొస్తుంది. నన్ను ఏ క్లయింటూ ఇంతవరకు అడగలేదు.

అపోహ: వర్క్‌షాప్‌లో తీసిన ఫోటోలు నిర్వాహకులవే.

కావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవారే దాని కర్త. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవాళ్ళది, కానీ ఇక్కడ డబ్బిచ్చింది మీరే కదా! హక్కులు వాళ్ళకి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా మీ సంతకం కావాలి. అందుకే రిజిస్ట్రేషన్ ఫారంలో కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. ఎంతకాలానికో రాయకుండా హక్కులు రాయించుకుంటే, చట్టం దాన్ని అయిదేళ్ళకే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే.

అపోహ: 'నాన్ రిఫండబుల్' అని రాశారు, ఇక చేసేదేం లేదు.

స్పీకర్ బాగా చెప్పలేదంటే అది అభిప్రాయం, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. కానీ రెండు రోజులని చెప్పి ఒకటిన్నర రోజులో ముగించినా, పోస్టర్‌లో ఉన్న మెంటార్ అసలు రాకపోయినా, అది సేవలో లోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. ముందు నిర్వాహకులకి మెయిల్ పెట్టండి, ఫోన్లో గొడవపడితే రుజువు మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. కట్టిన డబ్బు రసీదుతో పాటు పాత పోస్టర్ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోండి, ఎందుకంటే మాకు జరిగిన సెమినార్ పోస్టర్‌లో ఆ సోమవారానికల్లా రాని మెంటార్ ఫోటో మాయమైపోయింది.